పడమటికి కుట్టిన జేబు

బస్టాండు మెట్ల కింద, మనిషి నిటారుగా లేస్తే నెత్తికి తగిలే చోట ఒక కుట్టుమిషను ఉండేది. ఎక్కేవాళ్ల అడుగులు, దిగేవాళ్ల అడుగులు పైన రోజంతా వానలా పడుతూనే ఉండేవి. ఆ వాన కింద తడవకుండా కూర్చుని ముప్పై ఏళ్లుగా జేబులు కుడుతున్న మనిషిని అందరూ జేబుల మాస్టారు అనేవారు. చొక్కాలు కుట్టడం రాక కాదు. చొక్కాలు కుట్టేవాళ్లు ఊళ్లో వీధికొకరున్నారు. దొంగజేబులు కుట్టేది ఆయన ఒక్కడే.

బట్ట లోపలివైపు, బయటికి కుట్టు ఆనవాలు కూడా తెలియకుండా పెట్టే జేబు అది. దూరం వెళ్లేవాళ్లు బస్సు బయల్దేరే వేళకి కాస్త ముందుగా వచ్చి, గొంతు తగ్గించి, "మాస్టారూ, లోపల ఒకటి వెయ్యాలి" అనేవారు. ఆయన బట్ట వైపు చూసేవాడు కాదు. ముందు ఎటు వెళ్తున్నారో అడిగేవాడు. బట్ట ఏదైనా ఒకటే, దిక్కే వేరు.

ఉత్తరపు కొండలకైతే చొక్కా లోపల ఒక గుండీ జేబు, అంతే. అక్కడి మనుషులు బస్సులో మరిచిపోయిన గొడుగుని కూడా వెంటపడి తెచ్చిస్తారని ఎవరో చెప్పారు. తూర్పు తీరానికైతే నడుం పట్టీ వెనక జిప్పు. రాజధానికైతే రెండు జేబులు: దొంగకి దొరకడానికి ఒకటి, మనకి మిగలడానికి ఒకటి. పడమటికి అని ఎవరైనా అంటే మాత్రం మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకునేవాడు. పడమటికి కుట్టిన జేబుకి మూతి ఉండదు. పెట్టాల్సినవి లోపల పెట్టించి నాలుగు వైపులా కుట్టేసేవాడు. సగం విరిచిన బ్లేడుని కాగితంలో చుట్టి చేతికిచ్చి, "చేరాక దీంతో విప్పుకోండి. దార్లో మాత్రం విప్పొద్దు" అనేవాడు.

"దార్లో దాహమేస్తే మాస్టారూ?"

"ఇంటి దగ్గరే తాగి బయల్దేరండి."

మిషను వెనక గోడకి ఒక దేశపటం అంటించి ఉండేది. ఏటా ఒకసారి పేపరువాళ్లు వేస్తారు, ఏ ప్రాంతంలో లక్షమందికి ఎన్ని నేరాలో రంగులతో. కొండలు ఎప్పుడూ తెల్లగా, ఉతికి ఆరేసినట్టు ఉండేవి. తూర్పు నారింజ. వీళ్ల ప్రాంతం లేత గులాబి. పడమర మాత్రం దెబ్బ తగిలిన మోకాలిలా ఎర్రగా ఉండేది. పటం కింద చీమల్లాంటి అక్షరాల్లో ఏదో రాసి ఉండేది గానీ, అవి చదివేంత చూపుని ఆయన సూది కోసం దాచుకున్నాడు.

పటం లేకపోయినా ఆయనకి తెలుసు. వెళ్లినవాళ్లే తిరిగొచ్చి చెప్పేవారు. "పై జేబు కోసేశారు మాస్టారూ, మీ జేబు మిగిలింది" అని ఒకరు. "పెట్టె పోయింది, ఈసారి పెట్టెకి కూడా ఏదైనా కుట్టగలరా" అని ఇంకొకరు. ఎక్కువమంది పడమటి నుంచి వచ్చినవాళ్లే. ఏడుపుమొహంతో స్టూలు మీద కూర్చుని, టీ తాగి, పోగొట్టుకున్నదాన్ని ఆయన ముందు మళ్లీ ఒకసారి పోగొట్టుకుని వెళ్లేవారు. ఆయన ఓపిగ్గా వినేవాడు. వినడానికి ఒక కారణం ఉంది.

ఆయనకి తొమ్మిదో పదో ఏళ్లప్పుడు వాళ్ల నాన్న పని వెతుక్కుంటూ కుటుంబాన్ని పడమర మీదుగా తీసుకొచ్చాడు. నాన్న కూడా దర్జీయే. మిషను కాళ్లు ఒక మూటలో, తల ఒక మూటలో కట్టి బస్సు మీద వేశారు. ఒక ఊళ్లో బస్సు ఆగితే అందరూ టీకి దిగారు. మళ్లీ ఎక్కి, చీకటి పడి, దిగాల్సిన చోట దిగి మూటలు విప్పితే కాళ్లున్నాయి, తల లేదు. నాన్న ఆ రాత్రి ఖాళీ బల్ల ముందు కూర్చుని పెడలు తొక్కాడు. చక్రం తిరిగింది, ఏమీ కుట్టలేదు. ఆ చప్పుడు కుర్రాడి చెవుల్లో అలాగే ఉండిపోయింది. ఆ తర్వాత చాలాకాలం నాన్న చేత్తోనే కుట్టాడు. పడమర అన్న మాట ఇంట్లో ఎవరూ అనేవారు కాదు. "ఆ వైపు" అనేవారు.

పెద్దయ్యాక మాస్టారు ఏ వైపూ వెళ్లలేదు. దేశం మొత్తానికి జేబులు కుట్టిన మనిషి ఊరి చివర రైలు గేటు దాటడానికి కూడా ఒకటికి రెండుసార్లు ఆలోచించేవాడు.

ఆయన భార్య నర్సు. పిల్లల వార్డులో ఎంతకాలంగా ఉందంటే, ఒకప్పుడు తను సూది పొడిచిన పిల్లలు ఇప్పుడు తమ పిల్లల్ని ఎత్తుకొచ్చి "నర్సమ్మా, మెల్లగా" అంటున్నారు. ఇంట్లో ఇద్దరే. ఆమె డ్యూటీ దిగి వచ్చేసరికి ఆయన అన్నం వండి ఉంచేవాడు. ఆమె వార్డు కబుర్లు చెబితే ఆయన దొంగల కబుర్లు చెప్పేవాడు. ఆమె చెప్పేవాటిలో చివరికి జ్వరం తగ్గేది. ఆయన చెప్పేవాటిలో ఏదీ దొరికేది కాదు.

ఒక సాయంత్రం ఆమె చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడి, "హెడ్ నర్సుని చేస్తున్నారు" అంది.

ఆయన గరిటె పట్టుకునే వచ్చాడు. "నిజంగానా?"

"నిజంగానే. కానీ ఇక్కడ ఖాళీ లేదు. రెండు చోట్ల ఉంది, ఏదో ఒకటి ఎంచుకోమన్నారు. సోమవారం లోపల చెప్పాలి. చెప్పకపోతే నా తర్వాతావిడకి ఇచ్చేస్తారు."

"ఎక్కడెక్కడ?"

ఆమె చెప్పులు విప్పడం మొదలుపెట్టింది. చెప్పులు విప్పడానికి అంతసేపు ఎప్పుడూ పట్టదు. "ఒకటి ఉత్తరపు కొండల్లో. ఒకటి పడమర."

"కొండలు" అన్నాడు ఆయన వెంటనే. "ఇందులో ఆలోచించేదేముంది? పటంలో తెల్లగా ఉంది."

"తెల్లగా ఉంది, నిజమే. అక్కడున్నది నాలుగు మంచాల ఆసుపత్రి. పిల్లల వార్డు లేదు. క్వార్టర్లు ఇంకో కొండ మీద. మధ్యలో దారికి ఒక్క దీపం లేదు. అక్కడ చేసిన పిల్ల నాతో చెప్పింది, సాయంత్రం ఇంటికి వెళ్లాలంటే వాచ్‌మన్ కాళ్లు పట్టుకోవాలట. పడమటిది పెద్దాసుపత్రి. పిల్లలకే ఒక అంతస్తు. క్వార్టర్లు లేవు గానీ, వెనక వీధిలోనే ఇళ్లు దొరుకుతాయట."

"అక్కడి వీధుల సంగతి నీకు తెలీదు."

"మీకు తెలుసా?"

"ముప్పై ఏళ్లుగా వింటున్నా."

"నేనూ వింటున్నా లెండి, పక్క వార్డులో." ఆమె మంచం మీద కూర్చుంది. "పక్కటెముకలు విరిగి, పెదవి చిట్లి వస్తారు ఆడవాళ్లు. ఎలా తగిలిందమ్మా అంటే మెట్ల మీంచి జారిపడ్డానంటారు. మెట్లే లేని ఇళ్ల వాళ్లు కూడా మెట్ల మీంచే పడతారు. మేం అదే రాసుకుంటాం. వాళ్లని కొట్టినవాడు పడమటి నుంచి బస్సెక్కి రాలేదండీ. పొద్దున వాడితోనే టీ తాగి ఉంటారు. మీ గులాబి రంగులో ఆ లెక్క ఎక్కడుంది?"

పొయ్యి మీద ఏదో మాడుతున్న వాసన వస్తే ఆయన అదే జవాబైనట్టు వంటింట్లోకి వెళ్లాడు.

తిన్నాక, పళ్లేలు తీస్తూ ఆమె మెల్లగా అంది. గొంతులో కోపం లేదు. అందుకే ఆయనకి భయమేసింది. "నేను పడమర అనే చెబుదామనుకుంటున్నా. ఇన్నేళ్లు ఆ పదవి కోసం చూశాను. మీరు వస్తే ఇద్దరం వెళ్దాం. రాలేనంటే నేనొక్కదాన్నే వెళ్తాను, సెలవులకి వస్తాను. బలవంతం చెయ్యను. మిమ్మల్ని బలవంతంగా బస్సెక్కిస్తే ఆ బస్సు మీద నాకే జాలేస్తుంది."

ఆ రాత్రి ఆయన పక్కన ఆమె హాయిగా నిద్రపోయింది. నర్సులు ఎక్కడైనా, ఎప్పుడైనా నిద్రపోగలరు. ఆయన మాత్రం ఆ మంచం ఒకవైపు ఖాళీగా ఎలా ఉంటుందో చీకట్లో చేత్తో తడిమి చూసుకున్నాడు. పొద్దున్నే ఆమెకి టీ ఇస్తూ, "ముందు నేను వెళ్లి చూసొస్తా" అన్నాడు.

"ఎక్కడికి?"

"ఆ వైపు."

ఆమె గ్లాసు కింద పెట్టింది. "మీరా?"

"నేనే. వీధి చూస్తా, ఇళ్లు చూస్తా, మనుషుల్ని అడుగుతా. బాగుంటే ఇద్దరం. బాలేదంటే నువ్వు కొండలకి రాసివ్వాలి. ఒప్పుకుంటావా?"

ఆమె చాలాసేపు ఆయన మొహంలోకి చూసింది, థర్మామీటరు చూసినట్టు. "ఉన్నది ఉన్నట్టు చెబుతారా?"

"చెబుతా."

"అయితే సరే."

ఆ రోజు మాస్టారు మొదటిసారి తనకోసం కుట్టుకున్నాడు. ఎన్ని జేబులు కుట్టుకున్నాడో ఆయనకే తెలియాలి. నడుం దగ్గర, చంక కింద, మోకాలికి కాస్త పైన. గుర్తింపు కార్డుని బనియన్ లోపల పెట్టి నాలుగు వైపులా కుట్టేశాడు. సగం బ్లేడు కాగితంలో చుట్టి పై జేబులో వేసుకున్నాడు. ఆమె తలుపు దగ్గర నిలబడి ఎగాదిగా చూసి, "కదిలితే చిరుగుతారేమో, జాగ్రత్త" అంది.

తెల్లవారుతుండగా బస్సు కదిలింది. రైలు గేటు వెనక్కి వెళ్లింది. తర్వాత ఆయన ఎప్పుడూ చూడని పొలాలు, చూసిన పొలాల్లాగే ఉన్నవి, కిటికీలో ఒకదాని మీద ఒకటి పరుచుకుంటూ పోయాయి. పక్క సీటులో ఒక లావుపాటి ఆవిడ కూర్చుంది, పడమటికి తిరిగి వెళ్తోంది. వేరుశనక్కాయల పొట్లం విప్పి ఆయన ముందు పెట్టింది. తినేవాటిలో మత్తు కలిపి ఒలుచుకుపోయిన కథలు ఆయనకి ఎన్నో తెలుసు. "పళ్లు నొప్పి" అన్నాడు. ఆవిడ "అయ్యో" అని, పొట్లమంతా తనే తినేసి, చేతులు దులుపుకుని, ఆయన భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. ఒళ్లో సంచీ మూతి బార్లా తెరుచుకుని ఉంది. లోపల పర్సు, తాళంచెవులు, ఫోను, ఒక చిన్నపిల్ల గౌను. ఇంత నిర్లక్ష్యంగా ఎవరైనా ఉంటారా? బస్సు ఆగిన ప్రతిచోటా ఎక్కేవాళ్ల చేతుల వైపు చూస్తూ ఆయన ఆ సంచీకి కాపలా కాశాడు. చివరికి ఆవిడ లేచి, ఒళ్లు విరుచుకుని, సంచీలోకి ఒకసారైనా తొంగి చూడకుండా దిగిపోయింది. దిగుతూ, "మంచి భుజం బాబూ" అంది.

మధ్యాహ్నానికి ఊరు వచ్చింది. ఊహించినట్టు లేదు. అసలు ఎలా ఊహించాడో కూడా గుర్తు రాలేదు, బహుశా ఎర్రగా. వీధులు మామూలు దుమ్ము రంగులో ఉన్నాయి. ఎండలో సైకిళ్లు తాళం లేకుండా గోడలకి ఆనుకుని కునుకు తీస్తున్నాయి. తాళం వేసినవీ ఉన్నాయి. మాస్టారు రెండు రకాలనీ దగ్గరికి వెళ్లి వంగి చూశాడు.

తర్వాత చేసినవన్నీ ఆయన దృష్టిలో బుద్ధిమంతుడైన భర్త చేసే పనులే. ఆసుపత్రి గేటు ముందు నిలబడి నర్సులు ఎటు వెళ్తున్నారో గమనించాడు. వెనక వీధిలోకి వెళ్లి ఒక్కో ఇంటి కిటికీ కమ్మీలు చేత్తో ఊపి చూశాడు. ప్రహరీ గోడ ఎత్తు తన భుజంతో కొలిచాడు. సందు చివర దుకాణంలో టీ తీసుకుని, మాట కలుపుతూ, "ఈ వీధిలో మగవాళ్లు ఇంటికి ఎప్పుడొస్తారండీ?" అని అడిగాడు.

టీకొట్టతను పాలు పోస్తున్నవాడల్లా ఆగాడు. "ఎందుకు?"

"ఊరికే. కుక్కలున్నాయా? రాత్రిపూట కాపలా ఎవరైనా తిరుగుతారా? ఆ పచ్చ తలుపు ఇల్లు ఖాళీగా ఉన్నట్టుంది కదా?"

"ఇంకో టీ తాగండి" అన్నాడు టీకొట్టతను చాలా మర్యాదగా. "అలా బల్ల మీద కూర్చోండి."

ఆ మర్యాదకి మాస్టారు మనసులో ఊరికి ఒక మార్కు వేశాడు. రెండో టీ సగంలో ఉండగా ఇద్దరు కానిస్టేబుళ్లు వచ్చి ఆయనకి చెరోవైపు కూర్చున్నారు.

పోలీసు స్టేషను ఆసుపత్రికి ఎదురు సందులోనే ఉంది. ఎస్సై ఇంకా ముప్పై దాటని అమ్మాయి. బల్ల మీద మోచేతులు ఆనించి, ఆయన్ని కూర్చోమంది. "బాబాయ్ గారూ, మీది ఈ ఊరు కాదు కదా. ఏం పని మీద వచ్చారు?"

"చూడ్డానికి వచ్చానమ్మా."

"ఏం చూడ్డానికి?"

"ఇక్కడ దొంగతనాలు ఎలా జరుగుతాయో."

కానిస్టేబుల్ ఒకతను దగ్గి నవ్వు దాచుకున్నాడు. ఎస్సై మొహం కదల్లేదు. జేబుల్లో ఉన్నవి తీసి బల్ల మీద పెట్టమంది. మాస్టారు తీస్తూనే ఉన్నాడు. పై జేబు, పక్క జేబు, చంక కింద, నడుం చుట్టూ. మోకాలి దగ్గరికి చెయ్యి పోయేసరికి రెండో కానిస్టేబుల్ కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు, సినిమా మొదలైనట్టు. చివరికి కాగితంలో చుట్టిన బ్లేడు బయటికి వచ్చింది.

"ఇది దేనికి?"

"జేబు కోయడానికి."

రెండో కానిస్టేబుల్ కుర్చీని కాస్త వెనక్కి జరుపుకున్నాడు.

"ఎవరి జేబు?" అంది ఎస్సై.

"నాదేనమ్మా."

బనియన్ లోపలి కార్డు సంగతి చెప్పాడు. విప్పి చూపించమన్నారు. ఎన్ని వేల కుట్లు విప్పిన చేతులో అవి, ఇప్పుడు బ్లేడు అంచుని కుట్టు కిందికి దూర్చలేకపోయాయి. చివరికి నవ్వు దాచుకున్న కానిస్టేబులే ముందుకు వచ్చి, "కదలకండి బాబాయ్" అని, ఒక్కొక్క కుట్టూ చిన్నపిల్ల కాల్లో ముల్లు తీసినట్టు తీశాడు. కార్డు చూశాక ఎస్సై ఆయన భార్యకి ఫోను చేసి, స్పీకరు పెట్టింది.

నర్సమ్మ వార్డులో ఉంది. వెనక ఎవరి పిల్లో ఏడుస్తోంది. ఎస్సై విషయం చెప్పింది. అవతల్నుంచి పగలబడి నవ్వుతున్న శబ్దం.

"ఆయన దొంగ కాదమ్మా. ముప్పై ఏళ్ల నుంచీ దొంగల గురించే ఆలోచిస్తున్నాడు, అంతే. ఏమైనా తిన్నాడా, కనుక్కోండి. బయట ఎవరేం పెట్టినా తినడు."

ఆసుపత్రి నుంచి కూడా ఒక మాట రావాలి, నిజంగా ఆ పోస్టు ఉందని, అంతవరకూ బెంచీ మీద కూర్చోమన్నారు. కానిస్టేబుల్ రొట్టె, అరటిపండు తెచ్చిచ్చాడు. మాస్టారు వాటిని కాసేపు చూసి, ఆకలికి భయం లొంగిపోగా తినేశాడు.

ఆ బెంచీ మీద మధ్యాహ్నం సాయంత్రంలోకి నెమ్మదిగా కరిగింది. మనుషులు వస్తూనే ఉన్నారు. పెరట్లో కుళాయి పీకేశారని ఒకాయన. సైకిలు పోయిందని ఒక కుర్రాడు. ఫోను పోయిందని ఏడుస్తూ వచ్చిన కాలేజీ అమ్మాయి ఫిర్యాదు రాయించే లోపలే తన సంచీలోంచే ఫోను మోగింది. మెడలో గొలుసు లాగేశారని వచ్చినావిడకి మాత్రం మెడ మీద నిజంగానే ఎర్రటి గీత ఉంది. ఆవిడ నీళ్లు తాగుతుంటే గ్లాసు పళ్లకి తగిలి టకటకలాడింది. ఎస్సై లేచి వెళ్లి ఆ గ్లాసు తను పట్టుకుంది. చివరికి ఒక ముసలాయన వచ్చి, గ్రంథాలయం బయట వదిలిన చెప్పులు పోయాయన్నాడు. ఎస్సై అదీ రాసుకుంది.

ఆయన వెళ్లాక మాస్టారు ఉండబట్టలేక అడిగాడు. "చెప్పులు పోతే కూడా రాస్తారామ్మా?"

"రాయకపోతే రేపు నిజంగా ఏదైనా జరిగినప్పుడు రారు కదా."

"అందుకేనా మీ ప్రాంతం పేపర్లో అంత ఎర్రగా..."

ఆమె తల ఎత్తింది. "మీరూ చూస్తారా ఆ పటం? నేనూ చూస్తా, ఏటా పైవాళ్ల తిట్లు తినడానికి. అంతా రాయడం వల్లే అని అననండి. దొంగలున్నారు. ఆవిడ మెడ చూశారు కదా."

మాస్టారు ఆలోచనలో పడ్డాడు. గోడ మీద తను చూసే ఎరుపులో కొంత దొంగలది, కొంత ఈ అమ్మాయి సిరాది. ఎంత ఎవరిదో విడదీసే బ్లేడు మాత్రం ఆయన దగ్గర లేదు.

అంతలో, ఎందుకు చెప్పాడో తెలియదు, మిషను తల పోయిన సంగతి చెప్పాడు. ఏ ఊళ్లో టీకి దిగారో, నాన్న ఖాళీ చక్రం ఎలా తొక్కాడో. ఎస్సై కలం పక్కన పెట్టి వింది.

"ఫిర్యాదు ఇచ్చారా?"

"మా నాన్నకి పోలీసులంటే దొంగలకన్నా భయం."

"అయితే ఆ ఏడాది లెక్కలో మీ మిషను లేదు" అంది. "ఆ ఏడాది మేం తెల్లగా ఉండి ఉంటాం."

ఆ మాటలో ఎగతాళి లేదు. తన నాన్న తరఫున ఎవరో ఇన్నేళ్లకి ఫిర్యాదు తీసుకున్నట్టు అనిపించి, మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"నేనొకటి చెప్పనా బాబాయ్ గారూ? ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది నాకు ఈ ఊరంటే అసహ్యం వేసేది. గుమ్మంలోకి వచ్చే ప్రతివాడూ ఏదో ఒకటి పోగొట్టుకున్నవాడే. ఊళ్లో సగంమంది దొంగలు, మిగతా సగం బాధితులు అనుకునేదాన్ని. తర్వాత ఒకరోజు నడుచుకుంటూ ఇంటికి వెళ్తుంటే వీధి నిండా మనుషులు. కూరలు కొంటున్నారు, పిల్లల్ని ఆడిస్తున్నారు. వీళ్లెవరూ నా స్టేషనుకి ఎప్పుడూ రాలేదే అనిపించింది. ఎందుకొస్తారు? వాళ్లకేం పోలేదు."

మాస్టారు చేతిలో అరటితొక్క అలాగే ఉండిపోయింది. ఆయనకి తన స్టూలు కనిపించింది, దాని మీద కూర్చుని ఏడ్చిన మొహాలన్నీ కనిపించాయి. పడమటికి జేబు కుట్టించుకుని వెళ్లి, మళ్లీ ఎన్నడూ మెట్ల కిందికి రాని వాళ్లు ఎంతమందో. వాళ్లంతా ఏమైపోయారని ఎప్పుడూ అనుకోలేదు. ఏమీ కాలేదు కాబట్టే రాలేదన్నమాట. ఎక్కడో ఇలాంటి వీధుల్లో కూరలు కొంటూ ఉన్నారన్నమాట.

"అయినా మీరు మమ్మల్ని చూసి భయపడటం ఏమిటండీ?" అన్నాడు కార్డు తీసిన కానిస్టేబుల్. "మా చెల్లికి మీ ప్రాంతంలో కాలేజీలో సీటొస్తే మా అమ్మ పంపలేదు. మీ బస్సుల్లో ఆడపిల్లలు ఒంటరిగా ఎక్కలేరట కదా."

"మా బస్సుల్లోనా? ఎవరు చెప్పారు నీకు?" మాస్టారు బెంచీ మీంచి లేవబోయాడు. "మా ఊరంత మంచి ఊరు..." అని, బల్ల మీద కుప్పగా పడి ఉన్న తన జేబుల సామాను చూసి మళ్లీ కూర్చున్నాడు. కానిస్టేబుల్ మొహం పక్కకి తిప్పుకున్నాడు.

పొద్దు వాలే వేళకి ఆసుపత్రి నుంచి మాట వచ్చింది. ఎస్సై సామాను తిరిగి ఇచ్చేసి, బ్లేడు మాత్రం చెత్తబుట్టలో వేసి, "ఇల్లు చూడ్డానికేగా వచ్చారు. వెనక వీధిలో పచ్చ తలుపు ఇల్లు నిజంగానే ఖాళీ. ఇంటావిడ పైన ఉంటుంది. ఈసారి కిటికీలు ఊపకుండా తలుపు కొట్టండి" అంది.

ఇంటావిడ తెల్లజుట్టు మనిషి, మెట్లు దిగుతూ ప్రతి మెట్టునీ ఏదో ఒకటి తిడుతోంది. "మీరేనా మధ్యాహ్నం కమ్మీలు లాగింది? నేనే పైనుంచి చూసి టీకొట్టుకి చెప్పా" అంటూ తాళం తీసింది. ముందొక గది, వెనక వంటిల్లు. గోడలకి పాత సున్నం వాసన. వీధివైపు పెద్ద కిటికీ. మాస్టారు ముందు తలుపు వెనక చూశాడు.

"గడియ లేదేం?"

"పాతవాళ్లు పీక్కుపోయారు. వేయించుకోండి. వేయించుకోవాలి కూడా, పోయినేడు పక్కింట్లో స్టవ్ ఎత్తుకుపోయారు."

ఆ మాటకి ఆయనకి వింతగా ఊరట కలిగింది. పొద్దున్నుంచీ వెతుకుతున్నది ఇదేనేమో, తన వీధి గురించి ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషి. భయం పోలేదు. లోపల ఎక్కడో అది తన చోట తను కూర్చునే ఉంది, నాలుగు వైపులా కుట్టేసినట్టు. కానీ దాన్ని మోసుకుంటూ కూడా గది చూడొచ్చని, గోడ మీద చెయ్యి వేసి ఇది బాగుంది అనుకోవచ్చని ఆయనకి ఇంతకుముందు తెలియదు.

కిటికీ దగ్గరికి వెళ్లాడు. ఆసుపత్రి వెనక గేటు సూటిగా కనిపిస్తోంది. షిఫ్టు మారినట్టుంది, నర్సులు ఇద్దరు ముగ్గురుగా బయటికి వస్తున్నారు. ఒకామె నడివీధిలో ఆగి, పక్కనున్నామె భుజం పట్టుకుని, ఒంటికాలి మీద నిలబడి చెప్పులోని రాయి దులుపుకుంది. అటూ ఇటూ చూడలేదు. దులుపుకుని, ఏదో మాట మధ్యలో ఆపినచోటి నుంచే మళ్లీ అందుకుని నడిచింది. ఇంకొకామె ఒక్కతే వచ్చింది. ఆమె మాత్రం సంచీని గట్టిగా పట్టుకుని, కాస్త వేగంగా నడిచింది. మాస్టారు ఇద్దర్నీ చూశాడు. ఇద్దరి గురించీ చెప్పాలి. అలా మాటిచ్చాడు.

ఫోను తీశాడు.

"వదిలేశారా?" అంది నర్సమ్మ.

"వదిలేశారు. ఇల్లు చూశా. తలుపుకి గడియ లేదు. పక్కింట్లో పోయినేడు స్టవ్ పోయింది. ఇవాళ ఒకావిడ మెడలో గొలుసు లాగేశారు, నా కళ్లతో ఆ మెడ చూశా. ఇప్పుడే ఒక నర్సు నడివీధిలో నింపాదిగా చెప్పు దులుపుకుంది, ఇంకో నర్సు సంచీ గట్టిగా పట్టుకుని వేగంగా వెళ్లింది."

"అయితే కొండలకే రాసివ్వనా?"

"వద్దు" అన్నాడు. "గడియ వేయిస్తా. ఇక్కడికే రాయి."

అవతల వార్డులో ఏడుస్తున్న పిల్ల ఏడుపు ఆపినట్టుంది, లేదా ఆమె బయటి వరండాలోకి వచ్చినట్టుంది.

"మీరూ వస్తారా?"

"రాకపోతే గడియ ఎవరు వేస్తారు?" అని, కిటికీ కమ్మీకి నుదురు ఆనించాడు. "ఇక్కణ్ణుంచి ఆసుపత్రి గేటు కనిపిస్తోంది. నువ్వు బయటికి వచ్చింది మొదలు గుమ్మం వరకూ మొత్తం కనిపిస్తావు."

"అంటే రోజూ నేను వచ్చేదాకా ఆ కిటికీలో నిలబడతారన్నమాట."

"నిలబడతా."

"నిలబడండి" అంది ఆమె. "ఊరికే నిలబడకుండా పొయ్యి మీద టీకి నీళ్లు పెట్టి నిలబడండి."